సెల్ గ్రూప్‌ను నడిపించడం ఎలా: మొదటి కూడిక నుంచి మరో నాయకుణ్ణి నిలబెట్టే వరకు

పాస్టర్ గారు పిలిచి "ఈ సెల్ గ్రూప్ బాధ్యత మీరు తీసుకోండి" అన్నప్పుడు చాలామందికి పట్టుకునే టెన్షన్ ఒకటే: "నాకు ప్రసంగం చేయడం రాదు కదా, వాక్యం అంత లోతుగా తెలియదు కదా!" నిజానికి ప్రసంగం బాగా చేయగలవాళ్లకే ఈ పని కొంచెం కష్టం. ఆదివారం ఆరాధనలో ఒకరు చెబుతారు, అందరూ వింటారు. సెల్ గ్రూప్‌లో, అంటే సంఘంలోని కొందరు వారానికోసారి ఒక ఇంట్లో కూడుకునే చిన్న గుంపులో మాత్రం అందరూ బైబిల్ తెరవాలి, అందరూ నోరు విప్పాలి, ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలి, చదివినదాన్ని వారమంతా బ్రతకాలి. ఇవి జరిగేలా చూడటమే నడిపించేవారి పని. కూడిక అయ్యాక "ఈ రోజు అన్న ఎంత బాగా చెప్పాడో" అని అందరూ మెచ్చుకుంటూ వెళ్లారంటే ఏదో గాడి తప్పినట్టే. "ఆ వచనం నాకు ఇన్నాళ్లూ కనబడలేదు" అని ఒక్కరు అన్నా గుంపు సరైన దారిలో ఉంది.

ముందు గుంపు దేనికో తేల్చుకోండి

అపొస్తలుల కార్యములు 2:42లో తొలి సంఘం గురించి ఇలా ఉంది: "వీరు అపొస్తలుల బోధయందును సహవాసమందును, రొట్టె విరుచుటయందును ప్రార్థన చేయుటయందును ఎడతెగక యుండిరి." ఆ అధ్యాయం చివరికి వచ్చేసరికి వాళ్లు దేవాలయంలోనూ కూడుకుంటున్నారు, ఇళ్లలోనూ కలుస్తున్నారు. రెండూ ఉన్నాయి. అకుల ప్రిస్కిల్లల ఇంట్లో సంఘం కూడుకునేదని రోమా 16:5 చెబుతుంది, ఫిలేమోను ఇంట్లోనూ అంతే. కాబట్టి ఇంట్లో కూడుకోవడం ఎవరో ఈ మధ్య కనిపెట్టిన పద్ధతి కాదు. అయితే ఇల్లు సంఘానికి పోటీ కాదు. గుంపు మొదలుపెట్టే ముందే పాస్టర్ గారితో కూర్చుని ఎవరిని చేర్చుకోవాలి, ఏ వాక్యభాగం చదవాలి, ఏవైనా పెద్ద సమస్యలు వస్తే ఎవరికి చెప్పాలి అన్నవి మాట్లాడుకోండి. సంఘ పెద్దలకు తెలియకుండా మొదలైన గుంపు ఎంత మంచి మనసుతో మొదలైనా ఏదో ఒక రోజు చీలికకు దారితీయవచ్చు.

తర్వాత గుంపు ఉద్దేశాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. కొత్తగా మారుమనస్సు పొందినవాళ్లను పునాదిలో బలపరచడానికా? కుటుంబాలు ఒకరికొకరు తోడుగా ఉండటానికా? యౌవనస్థులు పరిశుద్ధంగా నడవడానికా? ఇది తేలకపోతే మూడో నెల వచ్చేసరికి ఒకరు పాటల కోసం, ఒకరు లోతైన బోధ కోసం, ఒకరు నలుగురినీ కలవడం కోసం వస్తుంటారు, అందరికీ కొంత అసంతృప్తి మిగులుతుంది.

ఎంతమంది, ఎంతసేపు

ఆరుగురి నుంచి పన్నెండు మంది వరకు. నిర్గమకాండము 18లో మోషే ఒక్కడే జనమంతటి భారం మోస్తుంటే అతని మామ యిత్రో ఇచ్చిన సలహాలో అతి చిన్న విభాగం పదిమందిది. యేసు ఏర్పరచుకున్నది పన్నెండుమందిని. పన్నెండు దాటితే మాట్లాడేవాళ్లే మాట్లాడుతారు, మిగతావాళ్లు శ్రోతలైపోతారు. నలుగురి కంటే తక్కువైతే ఇద్దరు రాని వారం అక్కడ గుంపే ఉండదు.

గంటన్నర చాలు. వచ్చి స్థిమితపడి పలకరించుకోవడానికి 15 నిమిషాలు, ఒక కీర్తన, చిన్న ప్రార్థనకు 10, వాక్యానికి 40, ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకోవడానికి 25. ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ముగించే సమయం మాత్రం మారకూడదు. రేపు పొద్దున్నే పనికి వెళ్లాల్సినవాళ్లు, చిన్నపిల్లల తల్లులు చెప్పిన టైముకే ముగుస్తుందన్న నమ్మకం ఉంటేనే మళ్లీ వస్తారు. ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు ముగింపు ప్రార్థన తర్వాత ఉండొచ్చు.

గుండ్రంగా కూర్చోండి, అందరికీ అందరి ముఖాలూ కనబడాలి. మీరు విడిగా ఎత్తు కుర్చీలో కూర్చోకండి.

మొదటి కూడికలోనే ఒప్పందం

మొదటి రోజు వాక్యం కొంచెం తగ్గించి అయినా కొన్ని సంగతులు పైకి చెప్పుకోవాలి. ఎంతకాలం అన్నది ఒకటి. "ఎప్పటికీ" అంటే ఎవరికైనా బరువే. పన్నెండు వారాలు అని చెప్పండి, ఆ తర్వాత కొనసాగాలో లేదో ప్రార్థించి నిర్ణయించుకుంటారు. రాలేని వారం ముందుగా ఒక మెసేజ్ పెట్టాలి. డబ్బు అప్పులు, చీటీలు, వ్యాపార స్కీములు గుంపులోకి రాకూడదు. ఇది మొదట్లోనే చెబితే ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు, సమస్య వచ్చాక చెబితే తప్పకుండా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. ప్రార్థన అంశం అనే పేరుతోనే ఎన్నో మాటలు బయటికి పోతాయి. "ఫలానా అక్క కోసం ప్రార్థించండి, వాళ్లింట్లో ఇలా జరుగుతోందట" అని ఇంకొకరికి చెప్పడం కూడా మాట బయట పెట్టడమే. అవతలివారి అనుమతి లేకుండా జీవిత భాగస్వామికి కూడా చెప్పకూడదని స్పష్టంగా అనండి.

దీనికి ఒక హద్దు ఉంది, అదీ మొదటి రోజే చెప్పాలి. ఎవరైనా ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నా, ఒక పిల్లకో పిల్లాడికో హాని జరుగుతోందని తెలిసినా, ఇంట్లో కొట్టడం, హింసించడం జరుగుతున్నా, ఆ మాట గుంపులో దాచిపెట్టం. పాస్టర్ గారికి, అవసరమైతే డాక్టరుకు, పోలీసులకు చెబుతాం. "ప్రార్థన చేద్దాం, సర్దుకుపోండి" అని పంపించేయడం ప్రేమ అనిపించుకోదు.

వాక్యభాగాన్ని సిద్ధం చేసుకోవడం

వారానికో అంశం వెతుక్కునే కంటే ఒక పుస్తకం పట్టుకుని వరుసగా వెళ్లడం మంచిది. మీకిష్టమైన అంశాలే తిరగేస్తూ ఉండిపోయే ప్రమాదం తప్పుతుంది, కష్టమైన వచనాలు కూడా ఎదురవుతాయి. కొత్తవాళ్లతో అయితే మార్కు సువార్త, 16 అధ్యాయాలు, కథనం వేగంగా సాగుతుంది. కొంత నడిచినవాళ్లతో నాలుగు అధ్యాయాల ఫిలిప్పీయులకు పత్రిక, ఐదు అధ్యాయాల యాకోబు పత్రిక. ప్రకటన గ్రంథంతో మొదలుపెట్టవద్దు.

కూడికకు రెండు మూడు రోజుల ముందే భాగాన్ని చదవండి. వ్యాఖ్యానాలు తర్వాత, ముందు ఆ వచనాలనే నాలుగైదుసార్లు, వీలైతే ఒకసారి పైకి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, అంతకుముందు ఏం జరిగింది, ఏ మాట పదేపదే వస్తోంది అని గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత ప్రశ్నలు రాయండి. ప్రశ్నలు మూడు మెట్లుగా ఉంటాయి: ఇక్కడ ఏముంది, దాని భావమేమిటి, ఈ వారం నేను ఏం చేయాలి. మొదటి మెట్టు దాటేసి సూటిగా మూడోదానికి వెళ్లడం అందరికీ అలవాటే. అప్పుడు బైబిల్ తెరిచి ఉన్నా మాట్లాడేది మాత్రం మనకు ముందే ఉన్న అభిప్రాయాలే.

మార్కు 4:35–41 తీసుకుందాం, శిష్యులతో పడవలో వెళ్తూ యేసు నిద్రపోతుండగా లేచిన తుపాను ఆయన మాటకు నిమ్మళించిన సంఘటన. దీన్ని చదివి "యేసుకు ప్రకృతి మీద అధికారం ఉందా?" అని అడిగితే "ఉంది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "నీ జీవితంలో తుపాను ఏది?" అని మొదటే అడిగితే వాక్యం పక్కకు పోయి కష్టాల జాబితా మొదలవుతుంది. దానికి బదులు ఇలా వెళ్లండి.

"అద్దరికి, అంటే అవతలి ఒడ్డుకు, వెళ్దామన్నది ఎవరు?" 35వ వచనం చూసి యేసే అని చెబుతారు. అప్పుడు వెంటనే ఇంకోటి: "అయితే ఈ తుపాను వాళ్లకు ఆయన మాట వినకపోతే వచ్చిందా, విన్నందుకు ఎదురైందా?" ఈ ప్రశ్న దగ్గర గుంపు కాసేపు ఆగుతుంది. కష్టం వచ్చిందంటే ఏదో పాపం చేసి ఉంటామని లోలోపల నమ్మేవాళ్లు ప్రతి గుంపులో ఉంటారు, వాళ్లకు ఈ వచనం పని చేస్తుంది. తర్వాత 38వ వచనం. "శిష్యులు యేసును ఏమని నిద్రలేపారు?" "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా" అని. "వాళ్ల అనుమానం ఆయన శక్తి మీదా, ఆయన ప్రేమ మీదా?" అని అడగండి. చివరగా, "గాలి ఆగిపోయాక శిష్యుల భయం ఏమైంది?" 41వ వచనంలో వాళ్లు మిక్కిలి భయపడ్డారని ఉంది. తుపాను ఆగింది, భయం పెరిగింది. "ఈ రెండో భయం ఏమిటి?" అన్న ప్రశ్న ఒక్కటే పది నిమిషాలు నడుస్తుంది, ఆ పది నిమిషాల్లో గుంపు కళ్లు తుపాను మీద నుంచి "ఈయన ఎవరో" అన్న దగ్గరికి వస్తాయి. మార్కు ఆ సంఘటన రాసింది అందుకే. ఇక్కడికి వచ్చాక, "ఆయన పట్టించుకోవడం లేదని మీకు ఈ మధ్య ఎప్పుడు అనిపించింది?" అని అడిగితే వచ్చే జవాబులు మామూలుగా ఉండవు.

ఆరేడు ప్రశ్నలు చాలు. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలు కొట్టేయండి. మీ మనసులో ఉన్న ఒకే ఒక్క జవాబు రాబట్టాలని అడిగే ప్రశ్నలు కూడా కొట్టేయండి. గుంపు అలాంటివి వెంటనే పసిగడుతుంది.

మాట్లాడించడం, మౌనంగా ఉండటం

ప్రశ్న అడిగాక ఎవరూ మాట్లాడకపోతే నడిపించేవారికి ఆ నిశ్శబ్దం యుగంలా అనిపిస్తుంది. వెంటనే తామే జవాబు చెప్పేస్తారు. రెండు వారాలు అలా జరిగితే గుంపుకు అర్థమైపోతుంది: ఆగితే అన్నే చెప్పేస్తాడు. కాబట్టి ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. వచనం మళ్లీ చదవమని ఒకరిని అడగండి. ప్రశ్నను ఇంకా తేలిక మాటల్లో చెప్పండి. జవాబు మాత్రం చెప్పకండి.

ఒకరు జవాబు చెప్పగానే "కరెక్ట్" అని ముద్ర వేస్తే మిగతావాళ్లు నోరు మూసుకుంటారు. "బాగుంది, అది ఏ వచనంలో కనబడింది?" అనండి, "ఇంకెవరికైనా ఇంకోలా అనిపించిందా?" అనండి. తప్పు జవాబు వచ్చినా ఇదే దారి. "ఏ వచనంలో?" అని అడిగితే సగం సార్లు వాళ్లే సరిచేసుకుంటారు. సరిచేసుకోకపోతే, విషయం సువార్త మూలానికి సంబంధించినదైతే, ఉదాహరణకు రక్షణ మన క్రియల వల్ల వస్తుందని ఎవరైనా అంటే, మర్యాదగానే గాని స్పష్టంగా, రక్షణ క్రియల వల్ల కాదు కృప వల్లనే అని చెప్పే ఎఫెసీయులకు 2:8–9 తెరిపించండి. చిన్న చిన్న అభిప్రాయ భేదాలను వదిలేయండి. మీకు తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, పాస్టర్ గారిని అడిగి వచ్చే వారం చెబుతాను" అనండి, వచ్చే వారం తప్పకుండా చెప్పండి.

ఎక్కువ మాట్లాడే సోదరుడు ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఆయన్ను ఎదురుగా కాకుండా మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఎదురుగా ఉంటే మీ చూపు ఆయన మీదే పడుతుంది, అది మాట్లాడమని పిలిచినట్టే. "ఇంతవరకు మాట్లాడనివాళ్లు ముందు చెప్పండి" అనడం ఇంకో మార్గం. అయినా తగ్గకపోతే విడిగా కలిసి సాయం అడగండి: "అన్నా, మీకు వాక్యం బాగా తెలుసు. ఆ వైపు కూర్చునే ఇద్దరూ నోరు తెరవడం లేదు. వాళ్లను మాట్లాడించడానికి నాకు సాయం చేస్తారా?" చాలామంది మనస్ఫూర్తిగా ఒప్పుకుంటారు.

మాట్లాడనివాళ్లను పేరు పెట్టి కష్టమైన ప్రశ్న అడగవద్దు. వచనం చదవమనండి, అదీ వాళ్లకు చదవడం ఇబ్బంది కాదని తెలిస్తేనే. చదువు రానివాళ్లు, తడబడేవాళ్లు ఉంటే వరుసగా ఒక్కొక్కరూ ఒక్కో వచనం చదివే పద్ధతి వాళ్లను లోపల చిత్రవధ చేస్తుంది. ఆ పద్ధతిని మానేసి, ఇష్టమైనవాళ్లను చదవనివ్వండి.

ప్రార్థన సమయం చర్చ కాకూడదు

చాలా గుంపుల్లో 25 నిమిషాల్లో 20 నిమిషాలు ప్రార్థన అంశాలు చెప్పుకోవడానికే పోతాయి, ప్రార్థన ఐదు నిమిషాల్లో, ఒక్కరే, అందరి పేర్లూ చదివేసి ముగిస్తారు. దీనికి మందు తేలిక. ఒకరు భారం చెప్పగానే అక్కడే ఆగి, పక్కనున్నవారు ఒక్క నిమిషం వారి కోసం ప్రార్థించాలి. తర్వాత ఇంకొకరు. గట్టిగా ప్రార్థించడం అలవాటు లేనివాళ్లకు "రెండు వాక్యాలు చాలు, మామూలు మాటల్లో" అని చెప్పండి.

ఒక సోదరుడు తల దించుకుని "ఉద్యోగం పోయి రెండు నెలలైంది, ఇంట్లో ఇంకా చెప్పలేదు" అన్నాడనుకోండి. గుంపులో వెంటనే మూడు గొంతులు లేస్తాయి: ఒకరికి తెలిసిన కంపెనీ ఉంది, ఒకరు దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలుకే అనే రోమా 8:28 చెబుతారు, ఒకరు తమకు ఇలాగే జరిగిన సంగతి మొదలుపెడతారు. ముగ్గురి ఉద్దేశమూ మంచిదే, ముగ్గురూ ఆయన నోరు మూయించారు. మీరు నెమ్మదిగా చెయ్యెత్తి "కాసేపు ఆగుదాం" అని, ఆయన వైపు తిరిగి "ఈ రెండు నెలలు ఎలా గడిచాయి తమ్ముడూ?" అని అడగండి. ఆయన చెప్పింది చెప్పనివ్వండి. తర్వాత ప్రార్థన. కంపెనీ వివరాలు కూడిక అయ్యాక ఇవ్వొచ్చు. కష్టాల్లో ఉన్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటైనా పలకలేదు (యోబు 2:13). వాళ్లు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది.

అంశాలను తేదీతో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. వచ్చే వారం "ఆ విషయం ఏమైంది?" అని అడగడానికి అది కావాలి. జవాబు వచ్చినవాటికి కృతజ్ఞతలు చెప్పండి, రానివాటిని మర్చిపోయినట్టు దాటేయకండి.

శిష్యత్వం మిగతా ఆరు రోజుల్లో

మార్కు 3:14 ప్రకారం యేసు పన్నెండుమందిని నియమించింది మొదట "తనతో కూడ ఉండునట్లు". బోధించడం, పంపడం ఆ తర్వాత. వారానికి గంటన్నర కలిస్తే సహవాసం మొదలవుతుంది గాని శిష్యత్వానికి అది చాలదు.

1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన బోధకుడు జాన్ వెస్లీ అనుచరులు కట్టిన మందిరం మీద అప్పు ఉండేది. పన్నెండేసి మందిని ఒక గుంపుగా చేసి, ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ పోగు చేయాలని, ఇవ్వలేనివారి వంతు నాయకుడే వేయాలని ఒకాయన సూచించాడు. అలా నాయకులు వారం వారం ఒక్కొక్కరినీ కలవడం మొదలుపెట్టారు. వెళ్లినచోట ఎవరు తాగుడుకు తిరిగి వెళ్లారో, ఎవరింట్లో గొడవలున్నాయో కనబడింది. వెస్లీ దాని విలువ వెంటనే పట్టుకున్నాడు. డబ్బు పోగు చేయడానికి పుట్టిన ఏర్పాటు మెథడిస్టు ఉద్యమంలో ఆత్మల కాపుదలకు వెన్నెముక అయింది. ప్రతి వారం ప్రతి ఒక్కరినీ ఎవరో ఒకరు కలిసి మాట్లాడటం అన్నదే అందులో పని చేసింది.

కాబట్టి గుంపులో ప్రతి ఒక్కరినీ నెలలో ఒకసారైనా విడిగా కలవండి లేదా ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడండి. పురుషులు పురుషులను, స్త్రీలు స్త్రీలను కలవడమే క్షేమం. నడిపించేది సోదరుడైతే స్త్రీలను కలిసే బాధ్యతను పరిణతి గల ఒక సోదరికి అప్పగించండి. వాట్సాప్ గ్రూప్ సమాచారానికి పనికొస్తుంది. పొద్దున్నే పంపే వచనం బొమ్మలు మాత్రం ఒకరి బాగోగులు అడిగినట్టు కాదు.

గుంపు కుదురుకున్నాక, మూడు నెలల తర్వాత అనుకుందాం, ఇద్దరిద్దరిగా ముగ్గురు ముగ్గురుగా జతపరచండి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్న యాకోబు 5:16 పన్నెండుమంది ముందు చేయడం కష్టం, ఇద్దరి మధ్య సాధ్యం. వాళ్లు కలిసినప్పుడు ఒకరినొకరు అడగవలసిన ప్రశ్నలు సూటిగా ఉండాలి: ఈ వారం దేవుడితో ఒంటరిగా గడిపావా? ఎక్కడ పడిపోయావు? ఫోనులో దాచిపెట్టినది ఏదైనా ఉందా? ఎవరిని క్షమించాల్సి ఉంది? పోయిన వారం చేస్తానన్నది చేశావా? ఎదుటివారు ఒప్పుకున్నప్పుడు గలతీయులకు 6:1 గుర్తుండాలి, సాత్వికమైన మనసుతో మంచి దారికి తీసుకురమ్మంటుంది, తానూ శోధించబడతానేమో చూసుకొమ్మంటుంది.

గొడవలు వచ్చినప్పుడు

వస్తాయి. ఇద్దరి మధ్య మనస్పర్థ వస్తే మత్తయి 18:15 చెప్పిన వరుస తప్పకండి: ముందు వాళ్లిద్దరే, ఒంటరిగా. మీ దగ్గరికి ఒకరు వచ్చి ఇంకొకరి మీద చెప్పడం మొదలుపెడితే "ఈ మాట వారితో చెప్పారా?" అనేదే మీ మొదటి ప్రశ్న. పాస్టర్ గారి మీదో ఇంకో కుటుంబం మీదో మాటలు మొదలైనా ఇదే. ఒక్కసారి మీరు ఊ కొట్టారంటే ఇక గుంపు దానికే కూడుకుంటుంది.

రెండు వారాలు వరుసగా ఎవరైనా రాకపోతే మూడో వారం దాకా ఆగవద్దు. "ఎందుకు రాలేదు?" అని కాకుండా "మీరు లేని లోటు తెలిసింది, ఎలా ఉన్నారు?" అని అడగండి. దిగులు నెలల తరబడి వదలనివారిని ప్రార్థిస్తూనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

మరొకరిని నిలబెట్టడం

2 తిమోతి 2:2లో నాలుగు తరాలున్నాయి: పౌలు, తిమోతి, నమ్మకమైన మనుష్యులు, వాళ్లు బోధించబోయే ఇతరులు. కాబట్టి మొదటి నెల నుంచే ఒకరి కోసం చూడండి. బాగా మాట్లాడేవారి కంటే చెప్పిన టైముకు వచ్చేవారిని, రానివాళ్లకు ఎవరూ చెప్పకుండానే ఫోన్ చేసేవారిని చూడండి. నమ్మకమైన మనుష్యులు అన్న మాట అలాంటివారి గురించే.

వారిని ముందు మీ సిద్ధపాటులో కూర్చోబెట్టుకోండి, ప్రశ్నలు ఇద్దరూ కలిసి రాయండి. కొన్ని వారాల తర్వాత ప్రార్థన సమయాన్ని వారికి వదిలేయండి. ఆ తర్వాత మీరు గుంపులో కూర్చుని ఉండగానే వాక్యం నడిపించమనండి. మధ్యలో తడబడితే అందుకోవద్దు. ఆ రాత్రే కలిసి రెండు మాటలు చెప్పండి, ఒకటి బాగా జరిగినది, ఒకటి సరిచేసుకోవాల్సినది, అంతకంటే ఎక్కువ వద్దు. ఆ తర్వాత ఒక వారం మీరు కావాలనే రాకుండా ఉండండి.

గుంపు పన్నెండు దాటి అలాగే సాగుతుంటే రెండు గుంపులు చేసే సమయం వచ్చినట్టే. చాలామందికి ఇది బాధగా ఉంటుంది, అలవాటైన ముఖాలు విడిపోతాయి. రెండు మూడు నెలల ముందే చెప్పండి, ఎవరు ఎటు వెళ్లాలో ప్రార్థించి పాస్టర్ గారితో కలిసి నిర్ణయించండి, ఇద్దరిద్దరిగా జతపడ్డవాళ్లను విడదీయకండి. కొత్త నాయకుణ్ణి ఒంటరిగా పంపవద్దు, కనీసం ఇద్దరు ముగ్గురు స్థిరమైన విశ్వాసులు తోడుండాలి. విడిపోయాక మొదటి మూడు నెలలు నెలకొకసారి రెండు గుంపులూ కలిసి ప్రార్థించండి, కొత్త నాయకుడితో మీరు వారం వారం ఫోనులో మాట్లాడుతూ ఉండండి. మీ గుంపులో ఖాళీ అయిన చోట్లకు ఎవరిని పిలవాలో ఆ వారం నుంచే మిగిలినవాళ్లతో కలిసి పేర్లు రాసుకుని ప్రార్థించడం మొదలుపెట్టండి.